35 డాలర్ల టాక్సీ

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ, నక్కలగుట్ట. వర్జీనియాలో ఎమ్మెస్ పూర్తి చేసి ఎనిమిది నెలలుగా ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల స్నేహితుడి దావత్ నుంచి తిరిగి వస్తూ, ఇక నడపలేనని అనిపించి రోడ్డు పక్కన కారు ఆపాను. చలికి హీటరు వేసుకుని డ్రైవరు సీట్లోనే పడుకున్నాను. పోలీసులు లేపారు. స్టేషన్‌లో ఊదిస్తే 0.17 వచ్చింది. కారు నడుపుతుండగా పట్టుకోలేదు కదా, కేసు నిలుస్తుందా? తప్పు ఒప్పుకుంటే జరిమానాతో వదిలేస్తారని గదిలో వాళ్లు అంటున్నారు. ఫిబ్రవరిలో అక్క పెళ్లికి రావాలి. నాన్నకు ఇంకా చెప్పలేదు.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం హనుమకొండలోనే చదివాను. సెలవుకు వచ్చి మా ఇంటి డాబా మీద కూర్చుని ఉన్నాను. నీ గదిలో వాళ్ల సలహా దగ్గరికి వచ్చేసరికి చేతిలో చాయ్ చల్లారిపోయింది. 2006లో నేను చేసింది అదే. నాకైతే ఎవరూ చెప్పనైనా లేదు, సొంత తెలివితోనే చేశాను.

అప్పటికి నేను వర్జీనియా వచ్చి మూడేళ్లు. ఒక ఇంట్లో నలుగురం, తలా 310 డాలర్ల అద్దె. డాలరు 45 రూపాయలు. ప్రతి డాలరునూ 45తో గుణించకుండా జేబులోంచి తీసేవాణ్ణి కాదు. ఆ సంక్రాంతికి ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలు. భోజనానికి ముందు విస్కీ, భోజనం తర్వాత మళ్లీ విస్కీ. రాత్రి ఒంటి గంటకు బయలుదేరుతుంటే ఆ ఇంటాయన టాక్సీ పిలుస్తానన్నాడు. ఎంతవుతుందని అడిగాను. 35 డాలర్లన్నాడు. అంత తాగి ఉన్నా లెక్క మాత్రం ఠక్కున వచ్చింది: 1575 రూపాయలు. అయిదు మైళ్లకు అంత డబ్బా! అక్కర్లేదన్నాను. నాలుగో మైలులో వెనక నీలి దీపాలు వెలిగాయి.

నా రీడింగు 0.16. ఆ అంకె ఎంత పెద్దదో నాకు తెలియదు. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. అక్కడ పరిమితి 0.08, అంటే 80 మిల్లీగ్రాములు. అమెరికా వాళ్లు ఎంత ఉదారులో అని అంతకుముందు మురిసిపోయాను కూడా. నీ 0.17 అంటే 170. మన పరిమితికి అయిదు రెట్లు పైనే. వర్జీనియాలో 0.08 దగ్గర ఒక గీత ఉంటే, 0.15 దగ్గర ఇంకొకటి ఉంది. నీ కేసంతా ఆ రెండో గీత చుట్టూనే తిరుగుతుంది.

నా కోర్టు రోజు సంగతి చెప్పాలి. అంతకు కొన్నేళ్ల ముందు మా బాబాయి హనుమకొండ చౌరస్తాలో స్కూటరు మీద దొరికాడు. మర్నాడు అదాలత్‌కు వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడి, "తప్పయింది సార్" అన్నాడు. జరిమానా కట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేశాడు. కోర్టు అంటే నాకు తెలిసింది అంతే. అక్కడ ఒక వకీలును అడిగితే 1500 డాలర్లు చెప్పాడు. గుణించాను. 67,500 రూపాయలు! "తప్పయింది సార్" అనడానికి అంత డబ్బు పోసి మనిషిని పెట్టుకోవాలా? జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో, అంటే అక్కడి కింది కోర్టులో, జడ్జిగారు వకీలు కావాలా అని రెండుసార్లు అడిగారు. వద్దని కాగితం మీద సంతకం పెట్టి, వినయంగా తల వంచి, నేరం ఒప్పుకున్నాను. జడ్జిగారి ముఖంలో జాలి కనిపించింది, అబద్ధం చెప్పను. కానీ ఆ చట్టంలో జాలికి చోటు లేదు. మొదటి నేరమైనా సరే, 0.15 నుంచి 0.20 దాకా అయిదు రోజుల జైలు తప్పనిసరి. 0.20 దాటితే పది రోజులు. న్యాయమూర్తి తగ్గించాలనుకున్నా ఒక్క రోజు తగ్గించలేరు. వచ్చిన తలుపులోంచి కాకుండా పక్క తలుపులోంచి తీసుకుపోయారు.

ఆ అయిదు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చలి, రొట్టె, టీవీ. మా గదివాడు ఆఫీసుకు ఫోను చేసి నాకు పచ్చకామెర్లు అని చెప్పాడు. తిరిగి వెళ్లాక మా మేనేజరు నాతో మాట్లాడినంతసేపూ నా కళ్లలోకే చూశాడు. తర్వాత ఆరు నెలలు కారుకు ఊదే యంత్రం బిగించారు, ఇంటర్‌లాక్ అంటారు. ఊదితేనే ఇంజను స్టార్టవుతుంది, దారి మధ్యలోనూ ఊదమంటుంది. ఒకసారి మన తెలుగు దంపతులను గుడి దగ్గర ఎక్కించుకుంటే అదేమిటని ఆవిడ అడిగింది. ఆస్తమాకు డాక్టరు ఇచ్చాడని చెప్పాను. ఆ ఏడాది నాకు రాని రోగం లేదు.

అసలు దెబ్బ తీర్పు వచ్చిన పన్నెండో రోజున తగిలింది. కిరాణా దుకాణంలో పప్పుల దగ్గర కలిసిన ఒక పెద్దాయన, కరీంనగర్ మనిషి, అంతా విని "మరి అప్పీలు వేశావా?" అన్నాడు. ఆ కోర్టు తీర్పు మీద పది రోజుల్లోపు అప్పీలు వేస్తే పైన ఉన్న సర్క్యూట్ కోర్టులో కేసు మొదటి నుంచి, కొత్తగా నడుస్తుంది. తప్పు ఒప్పుకున్నవాడికీ ఆ హక్కు ఉంది. అందులో అయిదు రోజులు లోపల గడిచిపోయాయి, మిగతా అయిదు సిగ్గుతో దుప్పటి కప్పుకుని గడిపాను. నీకు ఈ సంగతి తీర్పుకు ముందే తెలిసింది. నా ఖర్చుతో తెలిసింది.

ఇక నీ కేసు. "నడపలేదు, పడుకున్నాను" అన్న మాట మీద ఆశ పెట్టుకోకు. అక్కడి చట్టానికి కారు కదలాల్సిన పని లేదు, కారు నీ అదుపులో ఉంటే చాలు. పబ్లిక్ రోడ్డు మీద, మత్తులో, స్టీరింగు వెనక కూర్చుని, తాళం చెవి ఇగ్నిషన్‌లో ఉంటే నడుపుతున్నట్టే లెక్క అని వర్జీనియా సుప్రీంకోర్టు 2012లో తేల్చేసింది. నీ హీటరు ఇంజను మీదే నడుస్తోంది కదా. కారు ఆపడం నీ మంచితనమే, కాదనను. శిక్ష దగ్గర వకీలు ఆ మాట చెప్పుకోవచ్చు. కాసేపు పడుకుంటే దిగిపోతుంది అనుకోవడం మాత్రం పొరపాటు. శరీరం గంటకు సుమారు 0.015 చొప్పున తగ్గిస్తుంది. 0.17 పూర్తిగా దిగాలంటే పదకొండు గంటలు పడుతుంది.

వకీలు మరి ఏం చేస్తాడని అడుగుతావు. నేనూ అలాగే అడిగి 1500 డాలర్లు మిగుల్చుకున్నాను. నిన్ను అరెస్టు చేయడానికి ఆ పోలీసుకు తగినంత కారణం ఉందా అని చూస్తాడు. వీడియో తెప్పిస్తాడు. రోడ్డు మీద ఊదించే చిన్న యంత్రం వేరు, స్టేషన్‌లోది వేరు. చిన్నదానిలో ఊదడం నీ ఇష్టం, దాని అంకెతో నేరం రుజువు చేయడానికి లేదు. స్టేషన్‌లోది మాత్రం కాదంటే లైసెన్సు ఏడాది పోయేది. నువ్వు ఊదావు, మంచిదే. ఊదించే ముందు ఇరవై నిమిషాలు నిన్ను కనిపెట్టుకుని ఉన్నారా, ఆ యంత్రాన్ని గడువులోపు తనిఖీ చేశారా, పోలీసులు వచ్చిన వేళకూ అరెస్టుకూ ఊదిన వేళకూ మధ్య ఎంత సమయం గడిచింది, ఇవన్నీ తవ్వుతాడు. ఇందులో ఎక్కడైనా సందు దొరికితే, ఆ సందుతో కామన్‌వెల్త్ అటార్నీ, అంటే ప్రభుత్వ వకీలు, దగ్గర బేరం మొదలవుతుంది. కేసు కొట్టేయడం అరుదు. కానీ అభియోగంలోంచి ఆ 0.15 మాట తీసేయించగలిగితే తప్పనిసరి జైలు పోతుంది. నీ డబ్బంతా ఆ ఒక్క మాటకే అనుకో. కేసు గెలిపిస్తానని మాట ఇచ్చేవాడి దగ్గరికి వెళ్లకు. పోయినవారం ఆ కోర్టులోనే, ఆ జడ్జి ముందే నిలబడిన వాణ్ణి పట్టుకో. మిగతా సెక్షన్లూ జరిమానాలూ ఇంటర్నెట్‌లో ఉంటాయి, చదువుకున్నవాడివి, చూసుకో.

వీసా సంగతిలో నీ రోజులు నా రోజుల కంటే గడ్డువి. ఒక్క మామూలు డ్రంకెన్ డ్రైవింగ్ కేసుతో సాధారణంగా దేశం నుంచి పంపించరు. అయితే 2015 నుంచి, అయిదేళ్లలోపు ఇలాంటి అరెస్టు కనిపిస్తే కాన్సులేటు వాళ్లు వీసా రద్దు చేస్తున్నారు. అరెస్టు చాలు, శిక్ష పడనక్కర్లేదు. ఈమెయిలు వస్తుంది. లోపల ఉన్నంతవరకు, వీసా రద్దయినంత మాత్రాన సాధారణంగా నీ స్టేటస్ (అక్కడ ఉండే హక్కు) చెడదు, కానీ గడప దాటితే కొత్త వీసా లేకుండా మళ్లీ లోపలికి రాలేవు. కొత్త వీసా కావాలంటే వాళ్లు చెప్పిన డాక్టరు పరీక్ష చేయాలి. 2008లో నా వీసా స్టాంపింగు చెన్నైలో, అప్పటికి హైదరాబాద్‌లో వీసాలు ఇవ్వడం లేదు. డాక్టరు దగ్గరికి పంపి, కాగితాలు వచ్చేదాకా ఆగమన్నారు. 18 రోజులు చెన్నై లాడ్జిలో కూర్చున్నాను. రోజుకు 900 రూపాయలు, ఇడ్లీ విడిగా. అందుకే నీ వకీలు ఒప్పందం మీద సంతకం పెట్టించే ముందు ఇమిగ్రేషన్ వకీలుతో మాట్లాడాడా లేదా అడుగు. దేశం నుంచి పంపించే ప్రమాదం ఉంటే ముందే చెప్పడం డిఫెన్సు వకీలు బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. కోర్టు ముద్ర ఉన్న తీర్పు నకళ్లు నాలుగైదు తీసి పెట్టుకో. అవి ప్రతి దరఖాస్తుకూ కావాలి. నా పౌరసత్వం ఇంటర్వ్యూలోనూ ఆ ముక్కే ముందు అడిగారు.

అక్క పెళ్లి. ఆ మాట దగ్గర నేనూ కొంచెంసేపు ఆగాను. టికెట్టు కొన్నావా? కొని ఉంటే, రద్దు చేస్తే ఎంత కోసుకుంటారో ఈరోజే కనుక్కో, తేదీ దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది. పెళ్లి వీడియోలో చూస్తావు. నేను మా తమ్ముడి పెళ్లి అలాగే చూశాను, తలంబ్రాల దగ్గర నెట్టు ఆగిపోయింది.

డబ్బు దగ్గరికి రాకుండా ఉండలేను. ఆ కేసుకు నేను ఒక నోటు పుస్తకం పెట్టాను, ఇప్పటికీ ఉంది. కారు ఈడ్చుకెళ్లినందుకు, జరిమానా, కోర్టు ఖర్చులు, తాగుడు మాన్పించే తరగతుల ఫీజు, ఇంటర్‌లాక్ నెల అద్దె, అన్నిటికంటే ఎక్కువగా ఇన్సూరెన్సు. నాలుగేళ్లలో 9,840 డాలర్లు. ఆ రోజుల లెక్కలో 4 లక్షల 40 వేల పైచిలుకు. మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కుకుంటాం, అది బెల్లం కాబట్టి తూగగలం. ఈ తూకంలో బెల్లం ఒప్పుకోరు. సరిగ్గా అప్పుడే మా నాన్న మడికొండ వైపు ఒక ప్లాటు చూసి, నాలుగు లక్షలు పంపగలవా అని అడిగాడు. లేవన్నాను. ఇప్పుడు కాజీపేట నుంచి అటు వెళ్లినప్పుడల్లా కారు కిటికీలోంచి ఆ ప్లాటు కనిపిస్తుంది, దాని మీద మూడంతస్తుల ఇల్లు. ఈ రోజు ధర అడగకు. నీకైతే ఖర్చు ఇంకా ఎక్కువ: 2008 నుంచి, శిక్ష పడినవాడు మూడేళ్లపాటు ఎఫ్ఆర్-44 అనే ఇన్సూరెన్సు చూపించాలి, మామూలు కనీస మొత్తానికి రెట్టింపు. నేను రెండేళ్ల ముందు దొరికి ఆ ఖర్చు తప్పించుకున్నాను. నా జీవితంలో సరైన సమయానికి చేసిన పని అదొక్కటే.

నాన్నకు చెప్పాలా అంటావు. వకీలు ఫీజు నీ దగ్గర ఉంటే కేసు తేలాక చెప్పు. లేకపోతే ఈ రాత్రే చెప్పు. గదిలో వాళ్ల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తీసుకోకు, క్రెడిట్ కార్డు మీద అసలే వద్దు. ఆయన తిడతాడు. తిట్లకు వడ్డీ లేదు. మీ నక్కలగుట్టలో నాకు తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు, నా నోటి నుంచి మాత్రం ఎవరికీ పోదు.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. కోర్టు రోజున కారులో వెళ్లకు, ఎవరినైనా దింపమను. శిక్ష పడితే లైసెన్సు అక్కడికక్కడే తీసుకుంటారు, కొన్నిసార్లు నిన్నూ తీసుకుంటారు. నేను ఆ రోజు కోర్టు ఎదుట మీటరులో రెండు గంటలకు సరిపడా చిల్లర వేసి లోపలికి వెళ్లాను. మళ్లీ బయటికి వచ్చింది అయిదు రోజుల తర్వాత. కారు అక్కడ లేదు. విడిపించడానికి 265 డాలర్లు పట్టింది, దాన్ని ఇంటికి తెచ్చిపెట్టిన గదివాడికి భోజనం విడిగా.