మొదటి డీఎస్‌ఎల్‌ఆర్: లెన్సు ముందు, బాడీ తర్వాత

ప్రశ్న: నేను భీమవరంలో ఒక కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. ఇంతకాలం ఫోనుతోనే ఫోటోలు తీశాను. ఆటపాకలో గూడబాతులను తీయబోతే తెల్లటి చుక్కల్లా వచ్చాయి. మా అన్నయ్య కూతురి ఓణీల వేడుకలో హాలు లోపల తీసినవన్నీ అలికినట్టు మసకబారాయి. డీఎస్‌ఎల్‌ఆర్ కొందామని 40 వేల రూపాయలు దాచుకున్నాను. 18-55 లెన్సుతో వచ్చే కొత్త కెమెరా చాలునని దుకాణదారు అంటున్నారు. డీఎస్‌ఎల్‌ఆర్‌ల కాలం చెల్లిందని, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) తప్ప కొనవద్దని మా తమ్ముడు అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే. కెనాన్, నికాన్ రెండూ 2018లో మిర్రర్‌లెస్ కోసం కొత్త మౌంట్లు (కెమెరాకు లెన్సు తగిలించే అమరికలు) తెచ్చాయి. తమ అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చివరివాటిని 2020లో విడుదల చేసి, ఆ తర్వాత దృష్టి అంతా మిర్రర్‌లెస్ మీదే పెట్టాయి. అయితే ఆ నిజం మీకు మేలే చేసింది. చాలామంది మిర్రర్‌లెస్‌కు మారుతూ తమ పాత సరంజామాను అమ్ముకుంటున్నారు కనుక, నిన్నమొన్నటి మంచి డీఎస్‌ఎల్‌ఆర్ ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకు దొరుకుతోంది. నేర్చుకునేవారికి ఇంతకంటే అనువైన సమయం లేదని నా అభిప్రాయం.

దుకాణదారు మాటతోనే నాకు పేచీ. మీరు చెప్పిన రెండు వైఫల్యాలకూ కారణాలు వేరు: ఆటపాకలో దూరం చాలలేదు, హాల్లో వెలుగు చాలలేదు. 18-55 లెన్సు ఈ రెండిటిలో దేనినీ తీర్చదు. దానిని 55 దాకా జూమ్ చేస్తే వెలుగు వచ్చే రంధ్రం ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది). అదే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు దాదాపు పదింతల వెలుగును లోపలికి రానిస్తుంది. అంటే హాల్లో షట్టరును సెకనులో 20వ వంతు సేపు తెరిచి ఉంచవలసి వచ్చేచోట, ఈ లెన్సుతో 200వ వంతు సరిపోతుంది. హారతిపళ్లెం పట్టుకున్న చెయ్యి కదిలినా ఫోటో చెదరకుండా ఉండేది ఆ తేడా వల్లనే. ఒక్క హెచ్చరిక: ఎఫ్/1.8 దగ్గర ఒకరి ముఖం స్పష్టంగా ఉంటే వెనక నిలబడ్డవారు మసకబారతారు. పదిమందిని నిలబెట్టి తీసేటప్పుడు ఎఫ్/4కో ఎఫ్/5.6కో రాక తప్పదు, అప్పుడు ఫ్లాష్ అవసరమవుతుంది.

పక్షుల విషయంలో 55-250 ఎంఎం వంటి లెన్సు చూడండి (ఈ అంకె పెద్దదైన కొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది). ప్రారంభ స్థాయి కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల సెన్సారు (వెలుగును పట్టి ఫోటోగా మార్చే పలక) చిన్నది కనుక, అది 400 ఎంఎం లెన్సు చూపినంత దగ్గరగా చూపుతుంది. పగటి ఎండలో ఎఫ్/5.6 లోపమేమీ కాదు. ఎగిరే పక్షికి మాత్రం షట్టరు వేగం సెకనులో 1000వ వంతుకు తగ్గకూడదు. గూడబాతు పెద్ద పక్షి కనుక ఈ లెన్సు నెట్టుకొస్తుంది. పిచ్చుకంత పక్షి మీద మనసు పోతే ఇది చాలదని ముందే తెలిసి ఉండడం మంచిది.

ఇక బాడీ, అంటే లెన్సు లేని కెమెరా. ఇక్కడ ఎక్కువ ఆలోచించవలసిన పని లేదు. కెనాన్ 200డీ, నికాన్ డీ3500, డీ5600 మూడూ 24 మెగాపిక్సెళ్లవే, ఏదైనా సరే. మన పెళ్లి ఆల్బముల్లో కనబడే 12×18 అంగుళాల ముద్రణకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 5400×3600 పిక్సెళ్లు కావాలి. వీటిలో 6000×4000 ఉన్నాయి. మెగాపిక్సెళ్ల గురించి అంతకు మించి ఆరా తీయవద్దు. నికాన్ వైపు మొగ్గితే మాత్రం ఒక మెలిక ఉంది: పైన చెప్పిన రెండు నికాన్ బాడీలలోనూ ఫోకస్ మోటారు ఉండదు. చవకగా వచ్చిందని, లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సు కొంటే ఫోకస్‌ను చేత్తోనే తిప్పుకోవాలి. ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని రాసి ఉన్నవే అడగండి. కెనాన్ 1987లో మౌంటు మార్చినప్పుడే మోటారును లెన్సులో పెట్టింది కనుక అక్కడ ఈ బాధ లేదు. రేపు మీరు మిర్రర్‌లెస్‌కు మారినా ఈ లెన్సులు వృథా కావు, అడాప్టరుతో పనిచేస్తాయి. ఈ లెక్కన బాడీ, రెండు లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో మీ 40 వేలలో సర్దుబాటవుతాయి.

పాతది కొనేటప్పుడు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. నికాన్ అయితే తాజా ఫోటో ఫైలులోనే ఆ అంకె దొరుకుతుంది. కెనాన్‌కు చాలా మోడళ్లలో వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. ఎఫ్/16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీస్తే సెన్సారు మీది దుమ్ము మచ్చలుగా బయటపడుతుంది. లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడు పోగుల్లా బూజు కనిపించవచ్చు. కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. తోలు సంచిలో పెట్టి, సంచిని బీరువాలో పెట్టి, రెండు వర్షాకాలాలు మరిచిపోయిన నా లెన్సు ఒకటి అలాగే పాడైంది. మీ ప్రాంతపు తేమకు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. తోలు సంచి ప్రయాణానికే వాడండి.

ప్రశ్న: కొత్తగా డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. ఆటోలో తీస్తే నేర్చుకోలేమని, అన్నీ మనమే నిర్ణయించుకునే ఎం మోడ్ మాత్రమే వాడాలని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అంత పట్టింపు అక్కరలేదు. నికాన్‌లో ఏ అని, కెనాన్‌లో ఏవీ అని ఉండే మోడ్‌లో మొదలుపెట్టండి. రంధ్రం ఎంత తెరవాలో మీరు నిర్ణయిస్తారు, షట్టరు వేగాన్ని కెమెరా చూసుకుంటుంది. ఆ వేగం మరీ పడిపోతుంటే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) పెంచండి. అయితే ఫోటో వెలుగును పెంచి తగ్గించే, ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ వాడకాన్ని మొదటి వారంలోనే అలవాటు చేసుకోండి. కెమెరా ఏ దృశ్యాన్నైనా నడిమి వెలుగుకు తేవాలని చూస్తుంది కనుక, ఫ్రేమంతా నిండిన తెల్ల పంచె బూడిద రంగులో వస్తుంది, చీకటి వేదిక మీది నర్తకి ముఖం వెలవెలబోతుంది. పంచెకు ఒక మెట్టు పెంచండి, నర్తకికి ఒకటిన్నర మెట్టు దాకా తగ్గించండి.