అత్తయ్యగారి కంచం అత్తయ్యగారికే ఇవ్వండి

ప్రశ్న: మా అత్తయ్యగారికి 71 ఏళ్లు. తొమ్మిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు చచ్చుబడ్డాయి. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు, మాట బాగానే ఉంది. కానీ ఏ పనికీ చెయ్యి కదపరు. మావారు రెండు పూటలా షాపు నుంచి వచ్చి మరీ ముద్దలు కలిపి పెడతారు. స్నానం, బట్టలు నా పని. అయినా ‘మూలన పడేశారు’ అని రోజూ ఏడుపే. ఆర్నెల్లు మీ దగ్గర ఉంచుకోండంటే మా మరిదివాళ్లు ఉలకరు, పలకరు. ఎవరి వంతు ఎన్నాళ్లో మీరే న్యాయం చెప్పండి.
- ఒక కోడలు, తెనాలి

జవాబు: వంతుల మాట వదిలెయ్యండమ్మా. ఆర్నెల్లకోసారి కొత్త గడప, కొత్త బాత్రూము అంటే ఆవిడ నేర్చుకున్న అడుగులన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మరిదిగారిని ఖర్చులో సగం అడగండి, చాలు.

మీ ఇంట్లో చిక్కు మీవారికీ వాళ్లమ్మకీ మధ్య ఉంది. కన్నకొడుకు ముద్ద పెడితే తప్పెవరంటారు? నేనంటాను. ఎడమ చెయ్యి చక్కగా ఆడుతున్న మనిషికి తొమ్మిది నెలలుగా ముద్దలు పెడుతున్నారంటే, ‘నీ వల్ల కాదమ్మా’ అని పూటపూటా చెప్పినట్టే. అసలు ఆవిడ తన చేత్తో ఎందుకు తినట్లేదో ఎవరైనా అడిగారా? ఎడమ చేత్తో అన్నం ముట్టుకోవడమంటే ఆ తరానికి ప్రాణం పోయినంత పని. పైగా, కోడళ్లు రాయని, అత్తలు చెప్పని మాట ఇంకోటుంది: కడుక్కోవాల్సిందీ ఇప్పుడు ఆ చేత్తోనే.

అందుకే చెంచా. అది ఉంటే చెయ్యి అన్నాన్ని తాకదు, బిడియం సగం పోతుంది. తినే ముందు ఆ చెయ్యి ఆవిడ తృప్తిగా కడుక్కోగలగాలి. ఒంటి చేతిలో సబ్బుబిళ్ల జారిపోతుంది. రబ్బరు కప్పుతో అంటుకునే చిన్న బ్రష్షుని కుచ్చు పైకి ఉండేలా సింకులో అంటించి, దాని మీద ద్రవం సబ్బు వేస్తే అరచెయ్యి, గోళ్లు దానికే రుద్దుకుంటారు.

మంచం మీద ఒరిగి తింటే పొలమారుతుంది. రెండు పాదాలూ నేలకి ఆనే కుర్చీలో, బల్ల దగ్గర కూర్చోబెట్టండి. అంచున్న లోతు పళ్లెం పెట్టి, కింద తడిపి పిండిన గుడ్డ పరవండి. లేకపోతే చెంచాతో తోసినప్పుడల్లా పళ్లెం జారిపోతుంది. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉండకూడదు, బల్ల మీద పళ్లెం పక్కనే ఉండాలి. మొదట్లో పప్పన్నం, పెరుగన్నం గట్టిగా కలిపి పెట్టండి. చారు ఒలికిందంటే ఆవిడ ఆ పూటకి చెంచా వదిలేస్తారు. మంచినీళ్లకి దగ్గొస్తుంటే మాత్రం డాక్టరుకి చెప్పాల్సిందే.

మొదటి వారం సగం బల్ల మీదే పడుతుంది. నలభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ మీవారు పక్కనే కూర్చుని తన అన్నం తాను తినాలి. చెయ్యి చాచకూడదు. ఆయనకి అదే కష్టం.

ఇక మీ వంతు. జాకెట్టు తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు అదే చివర. హుక్కులు తీయించి వెల్క్రో పట్టీ కుట్టించండి. స్నానానికి రబ్బరు కాళ్ల స్టూలు, ఎడమ పక్క గోడకి గట్టిగా బిగించిన స్టీలు కడ్డీ కావాలి. తువ్వాలు కడ్డీ మనిషి బరువుకి ఊడొస్తుంది, దాన్ని నమ్మకండి. నీళ్ల వేడి ఎడమ చేత్తోనే చూసుకోమనండి, కుడి చేతికి స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. చంకలో చెయ్యేసి లేపడం ఇవాళే మానండి, ఆ భుజం కీలు వదులై నొప్పి పట్టుకుంటుంది.

ఒక పని ఆవిడకి అప్పగించండి, ఉత్తుత్తి పని కాదు. చెక్క పీటకి కింద నుంచి రెండు స్టీలు మేకులు కొట్టిస్తే, బంగాళాదుంప వాటికి గుచ్చి ఒక్క చేత్తో చెక్కు తీయొచ్చు. ఆవిడ తీసిన దుంపలే ఆ రోజు కూర కావాలి. మీరు వెనకాల మళ్లీ తీశారో, ఆవిడ కళ్లు చూస్తూనే ఉంటాయి.

ఇవన్నీ ఇంటికొచ్చి కొలిచి నేర్పేవాళ్లు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. ఫిజియోథెరపీ వేరు, ఇది వేరు. బి.ఓ.టి. (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చదివినవాళ్లేనా అని అడిగి పిలవండి. రోజూ ఏడుస్తున్నారన్న మాట న్యూరాలజిస్టు చెవిన కూడా వెయ్యండి. పక్షవాతం తర్వాత ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి.

చెంచా ఆదివారం మధ్యాహ్నం మొదలెట్టండి. షాపు హడావిడి ఉండదు. రాత్రయితే ఆవిడ అలిసిపోయి ఉంటారు.