హుడ్డు పొడిగానే ఉంది, కాళ్ల దగ్గర చెరువు

పాత ఓపెన్ టాప్ కార్లు (హుడ్డు అనే మడిచే పైకప్పు ఉన్నవి) ఉన్న పాఠకుల నుంచి వానలు మొదలైన దగ్గర్నుంచీ ఒకటే గోడు: వాన పడితే కారు లోపల నీళ్లు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ముందుగా అందరికీ ఒక మాట. నీళ్లు కనిపించే చోటు వేరు, దూరే చోటు వేరు. కారుతున్న చోటల్లా సీలెంటు పూసుకుంటూ పోతే లీకు ఆగదు సరికదా, బాడీ కుళ్లుతుంది. 1950, 60ల్లో ఈ కార్లు తయారుచేసినవాళ్లు వాననీటిని పూర్తిగా ఆపాలని చూడలేదు. కొంత లోపలికి రానిచ్చి, దారి చూపించి, కిందికి వదిలేశారు. ఆ దారులు పూడిపోవడమే చాలా లీకులకు మూలం.

ప్రశ్న: మాది 1967 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ అండి. హుడ్డు కొత్తది వేయించాం. అయినా గట్టి వాన పడితే రెండు సీట్ల కాళ్ల దగ్గరా నీళ్లు నిలుస్తున్నాయి. హుడ్డు లోపల చేత్తో తడిమితే తడే లేదు. మెకానిక్ ముందు అద్దం చుట్టూ సీలెంటు పెట్టాడు, తగ్గలేదండి. బండి ఇంటి ముందు కొబ్బరిచెట్ల కింద ఉంటుంది. (భీమవరం)

జవాబు: హుడ్డు జోలికి వెళ్లకండి. జవాబు మీ ఆఖరి వాక్యంలోనే ఉంది. బానెట్‌కీ ముందు అద్దానికీ మధ్య గాలి కోసం ఒక జాలీ ఉంటుంది చూడండి. వాన ఆ జాలీలోంచి కిందనున్న రేకు పెట్టెలోకి నేరుగా పడుతుంది. ఇది లోపం కాదు, అలాగే చేశారు. ఆ పెట్టె అడుగున ఒక డ్రెయిన్ ట్యూబు ఉండి, నీటిని గేర్‌బాక్సు ఉండే సొరంగంలోకి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి వదులుతుంది. కొబ్బరి పూత సన్నగా రాలి జాలీ సందుల్లోంచి జారి, లోపల దుమ్ముతో కలిసి ముద్దయి ఆ ట్యూబుకి బిరడా వేసేస్తుంది. పెట్టె నిండిన నీరు ఇక హీటరు గాలి దారి పట్టుకుని రెండు వైపులా కాళ్ల దగ్గరికి దిగుతుంది. రెండు వైపులా సమానంగా తడుస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పరీక్ష తేలిక. బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టి, లీటరు నీళ్లు జాలీలోకి నెమ్మదిగా పోయండి. ఇంకొకరు టార్చితో బండి కింద గేర్‌బాక్సు పక్కన చూడాలి. పోస్తుండగానే కింద ధార కనిపించాలి. చుక్కలుగా వచ్చినా, అసలు రాకపోయినా ట్యూబు పూడినట్టే. అప్పుడు బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, సొరంగంలో ట్యూబు కొస వెతకండి. కర్టెన్లకు వాడే స్ప్రింగు తీగ కింది నుంచి పైకి దూర్చి, తిప్పుతూ లాగితే ముద్ద ఊడి వస్తుంది. ఎయిర్ గన్ పెట్టి కొట్టించొద్దు. పాత రబ్బరు ట్యూబు పెట్టె మూతి దగ్గర ఊడిందంటే, హీటరు విప్పితే గానీ మళ్లీ అందదు. తీగ పని అయ్యాక మళ్లీ రెండు మూడు లీటర్లు పోసి, నీరు తేటగా వచ్చేదాకా కడగండి. ట్యూబు కొస ఎండి అతుక్కుపోయి ఉంటే మార్చేయండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి లీటరు నీళ్ల పరీక్ష చేయండి. బండిని చెట్టు కింద నుంచి జరపగలిగితే మరీ మంచిది, కాయ పడే భయం కూడా ఉండదు.

ట్యూబు బాగానే ఉండి కూడా తడుస్తుంటే, తర్వాత చూడాల్సింది తలుపులు. తలుపు అద్దం బయటి అంచు నుంచి కొంత నీరు తలుపు లోపలికి దిగుతూనే ఉంటుంది. అది తలుపు అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. అవి మట్టితోనో, పెయింటుతోనో మూసుకుపోయి ఉంటాయి. సన్నని స్క్రూడ్రైవరుతో తెరవండి. తలుపు ఊపితే లోపల నీళ్లు గలగలమంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు పలక) వెనక ఉండాల్సిన ప్లాస్టిక్ షీటు చాలా బళ్లలో ఎప్పుడో చింపి పారేసి ఉంటారు. అది లేకపోతే నీరు ప్యాడ్‌ను తడుపుకుంటూ లోపలికి జారుతుంది. 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు తలుపు కొలతకు కత్తిరించి, చుట్టూ బ్యూటైల్ టేపుతో (జిగురుగా ఉండే రబ్బరు టేపు) అంటించండి. కింది అంచు మాత్రం ప్యాడ్ వైపు వేలాడకూడదు. తలుపు రేకుకున్న సందులోంచి తలుపు లోపలికే మడిచి పెట్టాలి. ఈ చిన్న విషయం పట్టించుకోక షీటు వేసినా లీకు పోలేదనే వాళ్లు చాలామంది.

మూడోది, ఇంజను గదికీ లోపలికీ మధ్య రేకులో వైర్లు, స్పీడోమీటరు కేబులు దూరే చోట, ముందు అద్దం కింది రేకులోంచి వైపర్ల ఇరుసులు బయటికొచ్చే చోట ఉండే రబ్బరు వాషర్లు. గట్టిపడి చిట్లిపోయి ఉంటే మార్చడమే.

తడిసిన కార్పెట్ కింద గోనె ఫెల్టు ఉంటే పారేయండి. పైన ఎండినట్టే ఉంటుంది, అడుగున వారాల తరబడి నీళ్లు పట్టుకుని ఫ్లోరు రేకుని తినేస్తుంది. మీ వైపు ఉప్పుగాలికి ఈ పని మరీ వేగంగా జరుగుతుంది. దాని బదులు నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ వేయండి. వేసేముందు రేకుని వైరు బ్రష్షుతో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టరు, ఆరాక ఎపాక్సీ ప్రైమరు పట్టించండి.

ప్రశ్న: మా కారుకి రెండేళ్ల కిందట ఊళ్లోనే సీటు కవర్లు కుట్టే షాపులో వినైల్ హుడ్డు కుట్టించాం. కుట్ల వెంట చుక్కలు పడుతున్నాయి, లోపల బూజు వాసన. మోహైర్ గుడ్డ తెప్పించమంటున్నారు. ఏం చేయమంటారు? (అమలాపురం)

జవాబు: వినైల్‌లోంచి నీరు రాదు, సూది చేసిన కన్నంలోంచి వస్తుంది. సీటు కవర్లకు వాడే నైలాన్ దారం నున్నగా ఉండి, తడిసినా ఉబ్బదు. కన్నం తెరిచే ఉంటుంది. హుడ్డుకి వాడాల్సింది లోపల పాలియెస్టరు, పైన నూలు చుట్టిన దారం. నూలు తడిసి ఉబ్బి కన్నాన్ని తనే మూసుకుంటుంది. మళ్లీ కుట్టించేటప్పుడు 18 నంబరు సూది చాలు, అంతకంటే లావు వద్దని చెప్పండి. కుట్టు నిడివి 4 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దగ్గర దగ్గరగా కుడితే బలం అనుకుంటారు గానీ, వినైల్ తపాలా బిళ్ల అంచులా చిల్లులుపడి అక్కడే చిరుగుతుంది. అతుకు మడత పై అంచు కిందికి, వెనక్కి తిరిగి ఉండాలి. ముందుకు తిరిగి ఉంటే గాలి వాననీటిని మడతలోకే నెడుతుంది.

ఉన్న హుడ్డునే ఈ ఏడాదికి గట్టెక్కించాలంటే, రెండు రోజులు తెరిపి ఇచ్చినప్పుడు పని పెట్టుకోండి. టెంట్లకు వాడే పాలియురెథేన్ సీమ్ సీలరు, వినైల్‌కి పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్నది, తీసుకోండి. కుట్టుని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, సన్న బ్రష్షుతో బయటివైపు కుట్టు గీత వెంటే రాయండి. మొదటి పూత ఆరాక రెండోది వేసి, 24 గంటలు తడి తగలనీయకండి. అది దొరక్కపోతే తేనెమైనం ముక్కతో కుట్టు మీద గట్టిగా రుద్ది, హెయిర్ డ్రయ్యరుతో వెచ్చ చేస్తే కన్నాల్లోకి ఇంకుతుంది. కానీ మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే ఎండలో నల్ల హుడ్డు మీద అది నిలవదు, కాబట్టి ఏటా తొలకరికి ముందు మళ్లీ రుద్దుకోవాలి.

ఇక మోహైర్ సంగతి. పైన నేత గుడ్డ, మధ్యలో రబ్బరు, లోపల మరో గుడ్డ కలిపి చేసే మూడు పొరల సరుకు అది. అందం దానిదే, మన్నిక దానిదే. కానీ గుడ్డ తడిని పట్టుకుంటుంది. కోనసీమ గాలికి బయట ఉండే బండి మీద ఆరేలోపు మళ్లీ తడుస్తుంది, బూజు వదలదు. షెడ్డు ఉంటే మోహైర్ వేసుకోండి. లేకపోతే అంత ఖర్చు దండగ, మంచి వినైల్ సరిగ్గా కుట్టించుకుంటే చాలు.

బిగించేటప్పుడు మన ఎండతో ఒక చిక్కుంది. వినైల్ వేడికి మెత్తబడి సాగుతుంది. మిట్టమధ్యాహ్నం చేతికొచ్చినంత లాగి బిగిస్తే, రాత్రి వానకు చల్లబడి కుంచించుకుపోయి, బటన్లను పీకేస్తుంది, లేదా ముందు అద్దం ఫ్రేము మీద కూర్చునే హుడ్డు ముందు పట్టీని వెనక్కి లాగి అద్దం పైన సందు చేస్తుంది. ఉదయం పది గంటలప్పుడు నీడపట్టున, ముడత పోయేంత మాత్రమే లాగండి.

బూజుకి ఒక పాలు తెల్ల వెనిగరు, మూడు పాళ్ల నీళ్లు కలిపి మెత్తటి బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడగండి. బ్లీచింగు వద్దు, దారం కుళ్లుతుంది. వెనక ప్లాస్టిక్ కిటికీకి థిన్నరు, కిరసనాయిలు, అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు తగలనివ్వకండి, తెల్లబడితే మళ్లీ తేట కాదు. హుడ్డు తడిగా ఉండగా మడవకండి. తప్పక మడిస్తే ఇల్లు చేరగానే తెరిచి ఆరబెట్టండి.

ప్రశ్న: ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3. ఆగి ఉంటే ఒక్క చుక్క పడదండి. రోడ్డెక్కి 60 దాటిందంటే అద్దం పై మూల నుంచి సరిగ్గా మోకాలి మీద పడుతుంది. ఇంటి దగ్గర పైపుతో ఎంత కొట్టినా లీకు దొరకట్లేదు. (నరసాపురం)

జవాబు: దొరకదు. వేగం పెరిగేకొద్దీ హుడ్డు పైన గాలి ఒత్తిడి తగ్గి, గుడ్డ పైకి ఉబ్బుతుంది. దాంతోపాటు ముందు పట్టీ కొద్దిగా లేస్తుంది. ఆ సందు నిలబడి ఉన్న బండిలో ఉండదు. కాబట్టి నీళ్ల పరీక్ష కాదు, కాగితం పరీక్ష చేయండి. అరంగుళం వెడల్పు కాగితం పట్టీలు అద్దం ఫ్రేముకీ హుడ్డు పట్టీకీ మధ్య పెట్టి, హుడ్డు బిగించి, ఒక్కొక్కటీ లాగండి. అన్నీ ఒకే పట్టుతో రావాలి. వదులుగా వచ్చిన చోటే గాలికి తెరుచుకుంటోంది. మధ్యలో వదులైతే పట్టీ వంగిందని అర్థం, మూలల్లో వదులైతే క్లిప్పులు లేదా రబ్బరు.

క్లిప్పు బిగింపు సరిచేశాక కూడా చాలకపోతే రబ్బరు మార్చండి. క్లోజ్డ్ సెల్ ఈపీడీఎమ్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) స్పాంజి పట్టీయే కావాలి. షాపులో ముక్క నీళ్లలో ముంచి పిండి చూడండి. నీళ్లు కారితే అది ఓపెన్ సెల్, వద్దు. పాతదానికంటే రెండు మిల్లీమీటర్లకు మించి మందం పెంచొద్దు. బలవంతంగా మూస్తే పట్టీ మధ్యలో వంగి, లీకు మూల నుంచి నడిమధ్యకు మారుతుంది. అంటించడానికి సింథటిక్ రబ్బరు గమ్ము రెండు వైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటనప్పుడు నొక్కాలి. రబ్బరు మెత్తగా ఉండటానికి సిలికాన్ గ్రీజు రాయండి. వాజలైన్, ఇంజనాయిలు లాంటి పెట్రోలియం సరుకు ఈపీడీఎమ్‌ను ఉబ్బించి పాడుచేస్తుంది.

మూల దగ్గర ఇంకో సంగతి. అక్కడ హుడ్డు పట్టీ, ఫ్రేము, తలుపు అద్దం మూడూ కలుస్తాయి. అద్దం బయటికి వాలి ఉంటే ఏ రబ్బరూ కాపాడదు. డోర్ ప్యాడ్ విప్పి, అద్దం నడిచే గాడుల బోల్టులు వదులు చేసి, పై అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి వచ్చేలా సర్ది బిగించండి. స్పిట్‌ఫైర్ ముందు అద్దం ఫ్రేము బాడీకి బోల్టులతో బిగించింది, కింద రబ్బరు ఉంటుంది. ఆ బోల్టులు వదులైతే ఫ్రేమే కదులుతుంది. అన్నిటికంటే ముందు అవి చూడండి.

ప్రశ్న: లీకులన్నిటికీ మెకానిక్ సిలికాన్ నింపేశాడు. పని చేసేటప్పుడు పులుపు వాసన వచ్చింది. ఇప్పుడు దాని అంచుల్లో తుప్పు కనిపిస్తోంది. (కాకినాడ)

జవాబు: ఆ పులుపు వాసన ఎసిటిక్ యాసిడ్‌ది. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రేకుకి తుప్పు పట్టిస్తుంది. మొత్తం తీసేయాల్సిందే. వెదురు బద్ద చెక్కుకుని దాంతో గీకండి, ఇనుప బ్లేడు పెయింటుని లేపేస్తుంది. మిగిలిన పొరని మినరల్ టర్పెంటైన్‌తో రుద్ది, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కంటికి కనిపించనంత సిలికాన్ మిగిలినా పెయింటు అక్కడ గుంటలు పడుతుంది. ముందు అద్దం రబ్బరు సందుల్లోకి గట్టిపడని బ్యూటైల్ మాస్టిక్ పెట్టించండి. ఇప్పటి కార్లకు వాడే పాలియురెథేన్ అద్దం గమ్ము పెట్టనివ్వకండి. రేపు అద్దం తీయాల్సి వస్తే పగలకుండా రాదు, పాత మోడల్ అద్దం మళ్లీ దొరకడం కష్టం.

మళ్లీ సీలెంటు ముట్టుకునే ముందు లీకు ఎక్కడో కనిపెట్టించండి. లోపలి రేకుల మీద టాల్కం పౌడరు చల్లి, ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. బయట ఇంకొకరు నాజిల్ లేని తోట పైపుతో కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో భాగం అయిదు నిమిషాలు తడుపుతూ పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని సందుల మీదుగా జారి ఏది దొంగో తేలదు. సర్వీసు స్టేషన్ ప్రెషర్ గన్ అసలు వద్దు, బాగున్న రబ్బరులోంచి కూడా నీటిని లోపలికి తోస్తుంది.

ప్రశ్న: ఎమ్‌జీఏ కొనాలని బేరం ఆడుతున్నాం. పక్క అద్దాల దగ్గర వాన రాకుండా చేయొచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: పూర్తిగా చేయలేరు. 1955 నుంచి 1962 వరకూ వచ్చిన ఆ కారు ఓపెన్ టాప్ రకానికి పైకీ కిందికీ తిరిగే అద్దాలే లేవు, తగిలించి తీసే సైడ్ స్క్రీన్లే. వాటి రబ్బరు, బిగింపు సరిగా ఉంటే మామూలు జల్లు ఆగుతుంది, ఈదురుగాలి వాన ఆగదు. బేరం ఆడేటప్పుడు స్క్రీన్లు రెండూ ఉన్నాయో లేదో, ఫ్లోరు చెక్కలు మెత్తబడ్డాయేమో చూసుకోండి. తలుపు కింది సిల్ రేకుల్ని వేలితో నొక్కి చూడండి, పెయింటు కింద బొరియలుంటే అక్కడ రేకు లోపలికి నొక్కుకుపోతుంది.

ప్రశ్న: షెడ్డు లేదు. నీలం టార్పాలిన్ కప్పి తాడు కడుతున్నాం. అయినా తెల్లారేసరికి హుడ్డు లోపలి వైపు తడిగా ఉంటోంది. (పాలకొల్లు)

జవాబు: అది లీకు కాదు. నేలలోంచి, తడి కార్పెట్‌లోంచి లేచిన ఆవిరి బయటికి పోలేక, తెల్లవారుజామున చల్లబడి హుడ్డుకి పడుతోంది. టార్పాలిన్ బండిని తాకకూడదు. నాలుగు వెదురు గడలు పాతి, హుడ్డుకి అడుగున్నర ఎత్తున వాలుగా కట్టండి. నాలుగు వైపులా గాలి ఆడాలి. బండి కింద మట్టి నేలైతే మందపాటి పాలిథిన్ పరిచి, పైన ఇటుకలు పేర్చి, వాటి మీద నిలపండి. వాన లేని రోజు కార్పెట్లు తీసి ఎండలో వేసి, రెండు తలుపులూ ఓ రెండు గంటలు తెరిచి ఉంచండి.