పిలిచినా పలకని రాజపాళయం కుక్క

ప్రశ్న: పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ తెల్ల రాజపాళయం కుక్కని గేటు దగ్గరే వదిలేసి పోయారండీ, ఎంత పిలిచినా చూడట్లేదు, మేం పెంచుకోవచ్చా?

జవాబు: తప్పకుండా పెంచుకోండమ్మా. తమిళనాడు విరుదునగర్ జిల్లా జాతి ఇది, 2005లో పోస్టల్ స్టాంపు మీద కూడా వేశారు, అలాంటిదాన్ని వదిలేసి పోవడానికి మనసెలా వచ్చిందో! ఒళ్లంతా తెలుపు, ముక్కు గులాబీ రంగు ఉండే ఈ కుక్కల్లో పుట్టు చెవుడు ఎక్కువ, కాబట్టి పొగరనుకోకండి. అది చూడకుండా వెనకనుంచి తాళాలు గలగలలాడించి చూడండి. వినపడట్లేదంటే చేతి సైగలు నేర్పండి, నిద్రలో ఉన్నప్పుడు ముట్టుకోకుండా నేల మీద కాలితో తట్టి లేపండి, బయట గొలుసు విప్పొద్దు. పాత మనుషుల మీద బెంగతో కొన్నాళ్లు సరిగ్గా తినకపోవచ్చు. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, కూనల వ్యాపారం కోసం అడిగేవాళ్లకి మాత్రం ఇవ్వకండి.