విజయవాడ అమ్మాయి కాన్సర్ట్ పియానిస్టు కాగలదా? ముందు ఇంటర్ సంగతి తేల్చుకోండి

మీరు విజయవాడలో ఉంటామన్నారు. అమ్మాయి ఎనిమిదో తరగతి, కీబోర్డులో ట్రినిటీ (లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షలు) గ్రేడ్ 5 పాసైంది, కాన్సర్ట్ పియానిస్టునే, అంటే కచేరీలిచ్చే పియానిస్టునే అవుతానని పట్టుబట్టింది, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. నేను గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా పియానో నేర్పుతున్నాను. ఆ వయసులో నేనూ అదే కావాలనుకున్నాను, కాలేకపోయాను. ఎక్కడ తెగిపోయిందో నాకు బాగా తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ముందు గ్రేడ్ సంగతి. ట్రినిటీలో ఎలక్ట్రానిక్ కీబోర్డు పరీక్ష వేరు, పియానో పరీక్ష వేరు. కీబోర్డు మీద ఎడమ చేత్తో కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) పట్టుకుంటే తాళం, తోడు వాయిద్యాలు అన్నీ మెషినే చూసుకుంటుంది. అదే బాక్ ఫ్యూగ్ (ఒకే రాగం ఒక్కో చేతిలో మారి మారి అల్లుకునే రచన) వాయించాలంటే ఎడమ చెయ్యి కుడి చేతితో సమానంగా పాడాలి. అమ్మాయి నేర్చుకున్నది వృథా కాదు, నోటేషన్ (స్వరాల రాత) చదవడం వచ్చింది కదా. కానీ పియానోలో గ్రేడ్ 5 వచ్చేసిందని లెక్క వేసుకోకండి.

నాకీ తేడా పద్నాలుగో ఏట తెలిసింది. మా చర్చిలో కాళ్ళతో తొక్కే హార్మోనియం మీద మొదలుపెట్టి, తర్వాత నాన్న కొన్న కీబోర్డు మీద వాయించేదాన్ని. ఒకరోజు తెనాలి వెళ్ళి రైలెక్కి, నాన్నా నేనూ చెన్నైలో ఒక టీచరుగారి దగ్గరికి వెళ్ళాం. గ్రాండ్ పియానో ముందు కూర్చోబెట్టి, 'ఒక్క స్వరం, వీలైనంత మెల్లగా' అన్నారావిడ. నొక్కాను. మెట్టు (కీ) అడుగుదాకా దిగింది, చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ లేదు. పాడైందేమో అనుకున్నా. ఆవిడ మూత ఎత్తి లోపల సుత్తిని చూపించారు. మనం మెట్టు నొక్కితే సుత్తి తీగదాకా మోసుకుపోబడదు, విసిరేయబడుతుంది. చివరి కాస్త దూరం అది తనంతట తనే ఎగరాలి. బొత్తిగా నెమ్మదిగా నొక్కితే తీగను చేరకుండానే వెనక్కి పడిపోతుంది. మెట్టు దిగేది మొత్తం ఒక సెంటీమీటరు. ఆ సెంటీమీటరులో వేలు ఎంత వేగంగా దిగిందన్నదే పియానో. హార్మోనియానికీ కీబోర్డుకీ అలవాటుపడ్డ నా వేళ్ళకు అది ఎక్కడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాదంతా బ్రాడీపేటలో చర్చి పెద్దాయన ఇంట్లో ఉన్న పాత నిలువు పియానో మీద రోజూ మూడు గంటలు సాధన, నెలకు రెండుసార్లు చెన్నై. (మన వానాకాలం చెమ్మకి చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయి, శ్రుతి మారుతుంది. మీరు పియానో కొంటే ట్యూనర్ని చెన్నై నుంచి పిలిపించాల్సి రావచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి.) పదో తరగతి అయ్యేసరికి బీతోవెన్ పథెటిక్ సొనాట మొదటి భాగం చూడకుండా వాయించేదాన్ని.

తర్వాత ఇంటర్. రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. తెల్లవారుజామున ఐదింటికి లేపితే రాత్రి పదిదాకా స్టడీ అవర్స్. స్టడీ హాల్లో బల్ల అంచు మీద వేళ్ళు ఆడిస్తుంటే వార్డెన్ నిలబెట్టారు. రెండేళ్ళయ్యాక ఇంటికొచ్చి అదే సొనాట మొదలుపెట్టాను. అందులో ఎడమ చెయ్యి ఆక్టేవ్‌లను (ఒకే స్వరం కింది స్థాయినీ పై స్థాయినీ) వణికినట్టు ఆపకుండా వాయించాలి. రెండో పేజీ దాటకముందే మోచేతి దగ్గర్నుంచి కర్రలా బిగుసుకుపోయింది. ఆ రోజు చాలా ఏడ్చాను. మళ్ళీ సాధన చేశాను, డిప్లొమా తీసుకున్నాను, టీచర్నయ్యాను. నేర్పడమంటే నాకు ప్రాణం. కానీ ఆ రెండేళ్ళు తిరిగి రాలేదు.

సరిగ్గా ఆ రెండేళ్ళే ఎందుకంటే, విదేశీ కన్జర్వేటరీలు (సంగీత కళాశాలలు) పిల్లల్ని వాయించమని పిలిచేది పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే. 1927లో మొదలైన, పోలెండ్‌లోని వార్సాలో జరిగే షోపాన్ పియానో పోటీ పదహారు నుంచి ముప్పై ఏళ్ళవాళ్ళకు. అక్కడికొచ్చే పిల్లలు చాలామంది ఆరేడేళ్ళ వయసు నుంచే మెట్ల ముందు కూర్చున్నవాళ్ళు. మన పిల్లలు అప్పుడే పియానో మూసేస్తున్నారు.

ఊరు అడ్డం అని మాత్రం అనుకోకండి. 1980లో ఆ పోటీ గెలిచిన డాంగ్ థాయ్ సన్ వియత్నాం మనిషి, గెలిచిన మొదటి ఆసియావాడు. యుద్ధకాలంలో హనోయ్ సంగీత పాఠశాల పల్లెకు తరలిపోతే, పియానోను గేదెలతో లాగించుకుని వెళ్ళి నేర్చుకున్న పిల్లల్లో ఒకడు. 2021లో గెలిచిన బ్రూస్ లియూ ఆయన శిష్యుడే. అంత పేరున్నాయన కూడా కచేరీలతో పాటు పాఠం చెబుతూనే ఉన్నాడు, చాలామంది పియానిస్టుల బతుకు అలాగే నడుస్తుంది.

కచేరీ బతుకు ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి చెప్పండి. వయొలిన్ విద్వాంసుడు తన వాయిద్యాన్ని చంకన పెట్టుకుపోతాడు. కాన్సర్ట్ గ్రాండ్ తొమ్మిది అడుగుల పొడుగు, సుమారు అయిదు వందల కిలోలు. ఊరూరా హాల్లో ఏది ఉంటే దానితోనే ఒకటి రెండు గంటల్లో చెలిమి చేసుకుని, సాయంత్రం గంటన్నర సేపు కాగితం లేకుండా వాయించాలి.

మీ స్థానంలో నేనుంటే ఈ నెలలోనే అసలు పియానోలా నొక్కితే బరువు తగిలే మెట్లున్న 88 కీల డిజిటల్ పియానో కొంటాను, సెలవుల్లో చెన్నై తీసుకెళ్ళి మంచి పియానో టీచరుకు వినిపిస్తాను. అక్కడ రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. కన్జర్వేటరీ ఉంది, అదీ చూపిస్తాను. ఇంటర్ మాత్రం ఇంటి నుంచి వెళ్ళొచ్చే కాలేజీలోనో, ఓపెన్ స్కూల్లోనో అని ఇప్పుడే ఇంట్లో అందరితో మాట్లాడతాను. తాతయ్య, అమ్మమ్మలతో సహా. పదో తరగతి ఫలితాలొచ్చాక ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు.

గుంటూరు గంట ప్రయాణమే. ఆదివారం మధ్యాహ్నాలు నా దగ్గర పియానో ఖాళీగా ఉంటుంది, అమ్మాయిని తీసుకురండి. ముందు ఒక్క స్వరం, వీలైనంత మెల్లగా వాయించమంటాను.