బొమ్మ ఆపి అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్లాసురూములో టీవీలు, ఫోన్లు, ట్యాబుల గురించే ఉన్నాయి, కాబట్టి ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశా. పొలం హద్దుల తగాదా గురించి అడిగినాయన వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి, ఏమనుకోవద్దు.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా క్లాసులో గోడకి పెద్ద టీవీ లాంటి ప్యానెల్ బిగించారు. మొదటి పది రోజులు పిల్లలు ఎగబడి చూశారు, ఇప్పుడు వీడియో పెట్టగానే వెనక బెంచీల్లో ఆవలింతలు, ముందు బెంచీ వాళ్లేమో "సార్ స్పీడు పెంచండి" అంటున్నారు. పదో తరగతిలో 42 మంది ఉన్నారు. వీడియోలు బాగానే ఉన్నాయి, మరి తేడా ఎక్కడ కొడుతోంది?
– ఓ టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: వీడియో ఎంత బాగున్నా అది ఎవర్నీ ఏమీ అడగదండీ, తేడా అక్కడే. పిల్లాడు నోరు తెరవక్కర్లేదు, తప్పు చెప్తానేమో అన్న భయం లేదు, చేతులు కట్టుకుని కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది. అయిపోయాక "అర్థమైందా" అంటే "అయింది సార్" అని కోరస్. నేను కూడా ఆ కోరస్ నమ్మి చాలా ఏళ్లు మోసపోయినవాణ్ణే.

మీరు పదో తరగతి అన్నారు కాబట్టి కరెంటు పాఠమే తీసుకుందాం. ప్యానెల్ ఆన్ చేయకముందు బోర్డు మీద ఒక బొమ్మ గీయండి. ఒక బ్యాటరీ, అచ్చం ఒకేలాంటి రెండు బల్బులు, ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలిపి ఉన్నాయి. ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? బ్యాటరీ ప్లస్ వైపు ఉన్నదా, మైనస్ వైపు ఉన్నదా, రెండూ సమానమా? నోరెత్తకుండా నిమిషం ఆలోచించమనండి, తర్వాత అందర్నీ ఒకేసారి చేతులెత్తమనండి. సూత్రాలన్నీ అప్పజెప్పే పిల్లలు కూడా చాలామంది ప్లస్ వైపుదే అంటారు. ఎందుకురా అంటే "కరెంటు ముందు దానికే అందుతుంది కదా సార్, అది కొంత వాడేసుకుంటుంది, మిగిలింది రెండోదానికి వెళ్తుంది" అంటారు. చూశారా, వాడు చెప్తున్నది కాలవ నీళ్ల లెక్క! ఎగువ రైతు తోడేసుకుంటే చివరి పొలానికి నీళ్లందవు అన్నది వాడు ఇంట్లో రోజూ వినే మాట, దాన్ని తెచ్చి తీగలో పెట్టుకున్నాడు. తెలివితక్కువతనం కాదు అది, చాలా తెలివైన తప్పు. కాకపోతే ఆ కాలవ వాడి బుర్రలో ఉందని మీకు తెలియకుండా పది వీడియోలు వేసినా అది అక్కడే పారుతూ ఉంటుంది.

ఇప్పుడు జవాబు చెప్పకండి, అదే కష్టం మనకి, నోరు దురద పెడుతుంది. వేరే జవాబు చెప్పిన పక్కవాడితో మూడు నిమిషాలు వాదించుకోమనండి, క్లాసు చేపల మార్కెట్ అయిపోతుంది, అవనివ్వండి, మళ్లీ చేతులెత్తించండి. ఇదేం నా సొంత కనిపెట్టుడు కాదు, హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991 నుంచి చేయిస్తున్న పని. ఆయన లెక్క ఏంటంటే మొదటి ఓటులో కరెక్టు చెప్పినవాళ్లు నూటికి 30 నుంచి 70 మధ్య ఉంటేనే వాదించుకోనివ్వాలి, అంటే మీ 42 మందిలో 13 నుంచి 29 దాకా అన్నమాట. అంతకంటే తక్కువైతే వాదించుకోడానికి సరుకు లేదు, పాఠం మళ్లీ చెప్పాల్సిందే. ఎక్కువైతే ముందుకెళ్లిపోవడమే.

అప్పుడు ప్యానెల్ ఆన్ చేయండి, అది కూడా వీడియో కాదు, ఫెట్ సిమ్యులేషన్ పెట్టండి, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసుకునే బొమ్మ. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లది, నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, పైసా కట్టక్కర్లేదు. నెట్ ఉన్నచోట ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే నెట్ లేకపోయినా ఆడుతుంది. అందులో సర్క్యూట్ కిట్ ఉంటుంది, ప్లస్ వైపుదే అని గట్టిగా వాదించిన పిల్లాణ్ణే పిలిచి వాడి చేత్తోనే బల్బులు కలిపించండి. రెండూ సమానంగా వెలుగుతాయి, కరెంటు కొలిచే అమ్మీటర్ రెండుచోట్లా ఒకే రీడింగ్ చూపిస్తుంది. మీరు చెప్తే వాడు నోట్సులో రాసుకుంటాడు, వాడి చేతిలో అలా అయితే రాత్రి ఇంట్లో కూడా ఆలోచిస్తాడు.

ఇక్కడితో ఆపకండి, అసలు బల్బులు కూడా తీయండి. దీని గురించి నా పరువు పోయిన కథ ఒకటి ఉంది. ఓసారి ఇదే పాఠం చెప్తూ మజాగా రెండు టార్చి బల్బులు కలిపి చూపించా, ఒకటి బాగా వెలిగింది, రెండోది మిణుకుమిణుకుమంది, అదీ సరిగ్గా ప్లస్ వైపుదే వెలిగింది! తప్పు చెప్పిన బ్యాచ్ మొత్తం బల్లలు చరిచి ఈలలు. నాకు చెమటలు పట్టాయి, బల్బులు రెండు రకాలవి, కొనేటప్పుడు చూసుకోలేదు. అప్పుడు ఓ అమ్మాయి, క్లాసులో ఎప్పుడూ మాట్లాడని పిల్ల, "సార్ రెండిటినీ అటుదిటు ఇటుదటు మార్చండి" అంది. మార్చా. వెలుగు బల్బుతో పాటే మైనస్ వైపుకి వెళ్లింది. అంటే తేడా స్థానంలో లేదు, బల్బులో ఉంది, నిరోధం (కరెంటుని అడ్డుకునే గుణం) ఎక్కువున్నదే సిరీస్‌లో ఎక్కువ వెలుగుతుంది. సిమ్యులేషన్లో మనం కావాలని మార్చకపోతే బల్బులన్నీ కవలపిల్లలే కాబట్టి నాకు ఈ పాఠం అక్కడ దొరికేది కాదు. ఆ తర్వాత నుంచి నేను కావాలనే ఒక జత ఒకేలాంటివి, ఒక జత వేరువేరువి తీసుకెళ్లేవాణ్ణి. మీరు చేసేటప్పుడు ఎల్ఈడీలు వద్దు, తిరగేసి పెడితే వెలగవు, ఇంకో గందరగోళం, పాత ఫిలమెంట్ టార్చి బల్బులే కావాలి.

వీడియోలు మానేయమని కాదు. కానీ రెండు నిమిషాలకోసారి, సరిగ్గా ఏదో జరగబోతుంది అన్నప్పుడు ఆపండి, "ఇప్పుడేమవుద్ది?" అని అడగండి. స్పీడు పెంచమన్న ముందు బెంచీ వాణ్ణే ముందు అడగండి.

ప్రశ్న: నేను లెక్కల టీచర్ని. ట్రైనింగులో ఫోన్లో జవాబు నొక్కే కహూట్ లాంటి క్విజ్ ఆడించారు, మాకే భలే సరదాగా ఉంది. కానీ మా పిల్లల దగ్గర ఫోన్లు లేవు, స్కూలుకి తేనివ్వం కూడా. చేతులెత్తిస్తే ఫస్ట్ ర్యాంకు అమ్మాయి చెయ్యి చూసి మిగతావాళ్లు ఎత్తుతున్నారు. ఏం చేయను?
– కర్నూలు నుంచి

జవాబు: మేడమ్, ప్లిక్కర్స్ అని ఒకటుంది, మీ ఒక్కరి ఫోను చాలు. పిల్లలకి కాగితం మీద ప్రింటు తీసిన నల్ల గళ్ల కార్డులు ఇస్తారు, ఒక్కో కార్డు బొమ్మ ఒక్కో రకం, నాలుగు వైపులా ఏ బి సి డి చిన్న అక్షరాల్లో ఉంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు, మీరు ఫోన్ కెమెరా క్లాసు మీద అలా తిప్పితే ఎవరేం చెప్పారో వచ్చేస్తుంది. పక్కవాడి కార్డు బొమ్మ వేరు, అక్షరమేమో చిన్నది, కాబట్టి ఫస్ట్ ర్యాంకు అమ్మాయిని చూసి లాభం లేదు. మామూలు సెట్టులో 40 కార్డులే ఉంటాయి, అంతకంటే ఎక్కువమంది ఉంటే 63 కార్డుల సెట్టు దింపుకోండి. ఒక్క జాగ్రత్త, చిరిగిపోతాయని తళతళలాడే లామినేషన్ చేయించకండి, కిటికీ వెలుతురు పడి కెమెరా చదవదు, మందపాటి కాగితం మీద ప్రింటు తీసి పాత పెళ్లి కార్డుల అట్టకి అంటించుకోండి చాలు.

నెట్ సరిగా లేకపోతే? నాలుగు రంగుల చార్టు ముక్కలు, కళ్లు మూసుకుని ఎత్తమనడం. అంతే, అదీ పనిచేస్తుంది.

ప్రశ్న: ఆసిఫాబాద్ వైపు ఏకోపాధ్యాయ పాఠశాల మాది. పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు. సిగ్నల్ గుట్ట ఎక్కితే గానీ రాదు. టెక్నాలజీ అంటే నా దగ్గరున్న ఫోనొకటే. నాలాంటోళ్లకి ఏమన్నా ఉందా సార్?

జవాబు: మీ దగ్గరే ఎక్కువ ఉంది తమ్ముడూ. ఆ ఫోన్లో అందరూ మర్చిపోయే వస్తువు వాయిస్ రికార్డర్. పిల్లాడు తెలుగు వాచకంలో ఒక పేరా చదివింది రికార్డు చేసి, నెల తర్వాత అదే పేరా మళ్లీ చదివించి రెండూ పక్కపక్కన వినిపించండి. "ఇది నేనా?" అని నవ్వుకుంటూనే ఎక్కడ ఆగుతున్నాడో వాడే పట్టేస్తాడు, మనం పది మందిలో దిద్దితే ముడుచుకుపోయేవాళ్లు కూడా ఫోన్ దిద్దితే సిగ్గుపడరు. ఇంకోటి, అవ్వల దగ్గరికెళ్లి గోండిలో చిన్న చిన్న కథలు రికార్డు చేసి తెచ్చి క్లాసులో పెట్టండి, ఆ కథనే తెలుగులో చెప్పమనండి. వాళ్ల అవ్వ గొంతు బడిలో వినబడితే ఆ రోజు హాజరు సంగతి నాకు రాయండి.

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు ఉంటాయి కదా, అవి ప్రభుత్వం వాళ్ల దీక్ష యాప్‌లోకి వెళ్తాయి. మండలానికి వెళ్లిన రోజు కావాల్సినవి యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేకపోయినా ఆడతాయి. కెమెరా అద్దం మీద చిన్న నీటిబొట్టు భూతద్దంలా పెట్టి చీమ కాలు, గుడ్డ నేత చూపించొచ్చు, కానీ బొట్టు చిన్నదే ఉండాలి, ఫోను తడిసిందంటే రిపేరు ఖర్చు మీదే, నాది కాదు.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. స్కూలు వాళ్లు హోంవర్క్ మొత్తం రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెడతారు. వాడు ఫోన్ తీసుకుంటే ఇక ఇవ్వడు. ఇదేనా డిజిటల్ చదువు?
– ఓ అమ్మ, గుంటూరు

జవాబు: కాదమ్మా. అది డైరీలో రాయించే ఓపిక లేక చేసే పని. పేరెంట్స్ మీటింగులో నలుగురు తల్లులు కలిసి "బడి వదిలేలోపు బోర్డు మీద రాయించండి" అని అడగండి, ఒక్కరే అడిగితే మీ బాబు మీద పడతారు.

ప్రశ్న: మా నాన్న చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో టీవీ పెట్టి శాటిలైట్ ద్వారా పాఠాలు చూపించారట. అప్పట్లో ఊళ్లో చాలా ఇళ్లకి కరెంటే లేదు, కోస్తున్నారా నిజమా?
– బీఈడీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: కోయట్లేదు నాయనా. దాని పేరు సైట్ (SITE), శాటిలైట్ ద్వారా టీవీ పాఠాలు చూపించిన ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సరిగ్గా ఏడాది, నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని మన ఇస్రో నడిపింది, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లు, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, ప్రోగ్రాములు తెలుగులోనూ వచ్చేవి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్లకి. యాంటెన్నా ఏంటో తెలుసా, కోళ్ల గూళ్లకి కట్టే వల లాంటిదాన్నే గొడుగులా బిగించి, సుమారు పదడుగుల వెడల్పుతో. ఏడాది కాగానే ఉపగ్రహం వాళ్లది వాళ్లు తీసేసుకున్నారు, ఆ ఉపగ్రహం పాఠాలు అక్కడితో సరి.

తర్వాత 2020 సెప్టెంబర్ 1 నుంచి కరోనాలో తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి చానెల్లో, సర్కారు పాఠాల చానెల్ టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి చూడు, అప్పుడు మా మనవరాలు టీవీ ముందు కూర్చుని "టీచర్, ఒక్క నిమిషం ఆగండి" అని టీవీకి చెప్తుంటే నాకు సైటే గుర్తొచ్చింది. 45 ఏళ్లలో బొమ్మ రంగుల్లోకి వచ్చింది గానీ ఆగమంటే మాత్రం ఆగలేదు. మీ నాన్నగారికి అప్పుడు చూసిన ప్రోగ్రాముల్లో ఏది గుర్తుందో, చూశాక వాళ్ల సారు ఏమన్నా అడిగేవారో లేదో కనుక్కుని రాయి, వచ్చే నెల వేస్తాం.