మేడమీది గదిలో గంజాయి మొక్కలు: విత్తనం కోసమే అంటే కేసు తప్పుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. రెండేళ్లు కెనడాలో ఉండి వచ్చిన మా మేనల్లుడు, వ్యవసాయ డిగ్రీ చదివినవాడు, మా మేడమీది గదిలో ఉంటున్నాడు. మొన్న ట్యాంకు చూడడానికి పైకి వెళ్లినప్పుడు ఆ గదిలో నల్ల గుడ్డ గుడారం, లోపల లైట్లు, మూడు ఆడ గంజాయి మొక్కలు కనిపించాయి. మగ మొక్కను వేరుగా స్నానాల గదిలో ఉంచాడు. దాని పుప్పొడిని ఒక ఆడ మొక్కకు ఒకే కొమ్మ మీద కుంచెతో అద్ది, ఆ కొమ్మకు ఎర్ర దారం కట్టి, తేదీ వేసిన చీటీ తగిలించాడు. అడిగితే, "విత్తనాలు గంజాయి కావని చట్టంలోనే ఉంది మావయ్యా, నేను విత్తనం కట్టిస్తున్నాను, అంతే" అంటున్నాడు. ఇది నేరమేనా? ఇల్లు నా పేరున ఉంది కాబట్టి నా మీదికి వస్తుందా? పీకి పారేస్తే సరిపోతుందా?

జవాబు: మీ మేనల్లుడు చట్టాన్ని చదివాడు, కాని సగం వాక్యం దగ్గర ఆగిపోయాడు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అంటే అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచే చట్టం, సెక్షన్ 2లో గంజాయి అంటే ఆ మొక్క పూత కొసలు లేదా కాయ కొసలు అని చెప్పి, కొసలతో కలిసి లేనప్పుడు విత్తనాలను, ఆకులను దాని నుంచి మినహాయించింది. ఆయన పట్టుకున్నది ఆ మినహాయింపును. అయితే విత్తనం కొమ్మ మీద ఉన్నంత కాలం అది కొసతో కలిసే ఉంటుంది. పైగా నిర్వచనంలో పూత కొసతో పాటు కాయ కొస కూడా ఉంది కాబట్టి, పుప్పొడి తగిలి గింజ కట్టిన కొమ్మ కూడా, దారం కట్టని కొమ్మల లాగానే, చట్టం దృష్టిలో గంజాయే.

అసలు చిక్కు ఇది కూడా కాదు. గంజాయి అనే సరుకు వేరు, గంజాయి మొక్క వేరు. అదే సెక్షన్‌లో గంజాయి మొక్క అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా అని ఉంది. మన ప్రాంతం వారికి పోతుతాడు, పెంటితాడు తేడా చెప్పనక్కరలేదు. పోతుతాడికి ముంజెలు కాయవు గాని అదీ తాడిచెట్టే. అలాగే స్నానాల గదిలో ఉంచిన మగ మొక్కా గంజాయి మొక్కే. సెక్షన్ 8 ఈ మొక్కను సాగు చేయడాన్నే నిషేధించింది, సెక్షన్ 20 అలా సాగు చేసినవారికి పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా చెప్పింది. ఎన్ని మొక్కలు, ఏ జాతి, గింజ కోసమా, పూత కోసమా అనే మెట్లు సాగు నేరంలో లేవు. కిలో లోపు అయితే ఏడాది వరకే శిక్ష అని చాలామంది చెప్పుకునేది గంజాయి దగ్గర ఉంచుకోవడం, రవాణా, అమ్మకాలకు సంబంధించిన లెక్క, దాన్ని మొక్కకు అతికించకూడదు.

సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో, పొలంలో గంజాయి మొక్కలు కనిపించినంత మాత్రాన చాలదని, నిందితుడు వాటిని సాగు చేశాడని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలని చెప్పి ముద్దాయిని విడుదల చేసింది. అవి వాటంతట అవే మొలిచి ఉండవచ్చన్న అవకాశం అక్కడ ముద్దాయికి కలిసివచ్చింది. మేడ మీద గుడారంలో, లైట్ల కింద, మగ ఆడ వేరు చేసి, ఎంచుకున్న ఒక్క కొమ్మకు పుప్పొడి అద్దిన మొక్క తనంతట తాను మొలిచిందని ఏ న్యాయవాదీ వాదించలేడు. ఆ ఎర్ర దారం, ఆ చీటీ మీది తేదీ, ఆ కుంచె, సోదా సమయంలో సాక్షుల ఎదుట పోలీసులు రాసే మధ్యవర్తుల నివేదికలో ఒక్కో వరుసగా ఎక్కుతాయి. తనను కాపాడుతుందని మీ మేనల్లుడు అనుకుంటున్న పనే, ఆయన బుద్ధిపూర్వకంగా సాగు చేశాడనడానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం అవుతుంది.

కెనడా సంగతి. అక్కడ 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవారు ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవచ్చన్నది కేంద్ర చట్టం. క్యూబెక్ రాష్ట్రం మాత్రం ఇంట్లో పెంపకాన్ని నిషేధించింది, 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్కడే రాష్ట్రానికో తీరు ఉన్నప్పుడు ఆ చట్టం శ్రీకాకుళంలో పనికి వస్తుందనుకోవడం విచిత్రం. మన చట్టం సెక్షన్ 1 ప్రకారం దేశం వెలుపల ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందన్న సంగతి వలస వెళ్లిన పిల్లల్లో చాలామందికి తెలియదు. విత్తనాలు అక్కడి నుంచి పెట్టెలో తెచ్చి ఉంటే మరో తలనొప్పి, ఎందుకంటే విత్తడానికి తెచ్చే ఏ విత్తనానికైనా మొక్కల క్వారంటైన్ అనుమతి ఉండాలి.

ఆయన చదువు దృష్ట్యా "ఇది శాస్త్రీయ ప్రయోగం" అనే వాదన కూడా రావచ్చు. సెక్షన్ 8లో వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఉన్నది నిజమే, కాని అది లైసెన్సు షరతుల మేరకే నడుస్తుంది, పరిశోధకుడి మనసులోని ఉద్దేశం మీద కాదు. నార కోసం, విత్తనం కోసం సాగును సెక్షన్ 14 కింద ప్రభుత్వం అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ మత్తు పదార్థం 0.3 శాతానికి మించని రకాలకు అలా లైసెన్సులు ఇచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వు లేకుండా గదిలో పెంచుకున్నవారికి ఆ సెక్షన్ అక్కరకు రాదు.

ఇక మీ సంగతి. సెక్షన్ 25 ఇల్లు, గది, ఆవరణ అని పేరు పెట్టి మరీ చెప్పింది: వాటి యజమాని గాని, వాటిపై అదుపు ఉన్నవారు గాని, తెలిసి నేరానికి వాడుకోనిస్తే అసలు నేరానికి ఉన్న శిక్షే వారికీ పడుతుంది. ఇందులో ప్రాణమంతా "తెలిసి" అన్న మాటలో ఉంది. మీరు ట్యాంకు చూడడానికి పైకి వెళ్లేదాకా ఆ మాట మీకు రక్షణ, దిగివచ్చిన క్షణం నుంచి అది మీకు ఎదురు. సెక్షన్ 35 ప్రకారం దోషపూరిత మనస్సు, అంటే నేరపు ఉద్దేశం లేదా ఎరుక, ఉందనే కోర్టు ముందుగా భావిస్తుంది, లేదని సందేహాతీతంగా రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ముద్దాయిదే. తన భూమిలో ఈ మొక్క అక్రమంగా పెరుగుతుంటే భూమి గలవారు వెంటనే సమాచారం ఇవ్వాలని సెక్షన్ 46 చెబుతోంది. మేడమీది గది "భూమి" అవుతుందా అని వాదించుకోవచ్చు గాని, ఆ వాదన మీ ఇంటి మీద పరీక్షించి చూడమని నేను చెప్పను.

పీకి కాలువలో పడేయడం, తగలబెట్టడం మాత్రం చేయకండి. నేరం జరిగిందని తెలిసి సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద వేరే నేరం. ఇప్పటిదాకా చూసీ చూడనట్టు ఊరుకున్న మనిషి, అప్పుడు చేతులారా నేరం చేసినవాడు అవుతాడు.

రేపే ఒక క్రిమినల్ న్యాయవాదిని స్వయంగా కలవండి. మీ మేనల్లుడిని వేరే న్యాయవాది దగ్గరకు పంపండి. మీకు మేలు చేసే నిజం ఆయనకు కీడు చేయవచ్చు, ఇద్దరి తరఫున ఒకే మనిషి నిలబడడం సరికాదు. అక్క ముఖం చూసి ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దు. ఎప్పుడు చూశారో, ఏం చూశారో తేదీతో రాసి, మీ న్యాయవాది ద్వారా పోలీసులకు సమాచారం ఇవ్వడమే మీ ముందున్న దారి. మీ మేనల్లుడు తానుగా ముందుకు వస్తే శిక్ష విషయంలో కోర్టు దాన్ని గమనించవచ్చు, కేసు ఉండదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. బెయిలు అసాధ్యమేమీ కాదు. సెక్షన్ 37లోని కఠిన షరతులు ముఖ్యంగా వాణిజ్య పరిమాణానికి, అంటే గంజాయి అయితే 20 కిలోలకు పైబడిన కేసులకు వర్తిస్తాయి, నాలుగు కుండీల మొక్కలు అంత తూగవు. అయితే పోలీసులు మట్టి, వేళ్లు, కాండంతో కలిపి తూకం వేయకుండా కొసలు వేరు చేయించుకోవడం ఆయన న్యాయవాది చూసుకోవాల్సిన పని.

న్యాయవాది దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంటిపన్ను రసీదు, ఆ గదికి వేరే మీటరు ఉంటే ఇటీవలి కరెంటు బిల్లులు, మీ ఇద్దరి మధ్య నడిచిన వాట్సాప్ మాటలు ఏవీ చెరపని ఫోను తీసుకువెళ్లండి. ఫీజు భరించలేని పరిస్థితి ఉంటే 15100కు ఫోన్ చేసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా న్యాయ సహాయానికి మీరు అర్హులో కాదో కనుక్కోండి.